సముద్రం ఒక్కటే గానీ తల్లిగారిళ్లు వేరు

2025 ఫిబ్రవరిలో మా ఆఫీసు దోస్తు వాళ్ల చెల్లె లగ్గం ఉంటే శ్రీకాకుళం జిల్లాకు పోయిన. వరంగల్‌లో రైలెక్కినం, దిగేసరికి తెల్లారింది, లగ్గం రాత్రికి కాబట్టి పొద్దుగాల పనేం లేదని వాళ్ల ఊరి పక్కనున్న సముద్రం ఒడ్డుకు నడుసుకుంట పోయినం. మేం చెరువుల దిక్కు పుట్టినోళ్లం, సముద్రం అంటే చిన్నప్పటి నుంచి ఆశ. ఆ పొద్దు మాత్రం ఒడ్డు మీద మొట్టమొదలు కనపడ్డది చచ్చిపోయిన తాంబేలు. రెండడుగుల చిప్ప, మెడ పక్కకు వాలిపోయి, కండ్లు ఉబ్బి ఉన్నయి. కొంచెం ముందుకు పోతే ఇంకోటి. కిలోమీటరు నడిచేసరికి ఐదు లెక్కవెట్టిన, ఆ తర్వాత లెక్కవెట్టబుద్ధి కాలే.

అక్కడ వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని అడిగితే "ఏటి సేస్తాం బాబూ, ఏటా ఇంతే. పెద్ద బోట్ల వలల్లో పడితే పైకి రానేవు, ఊపిరాడక సచ్చిపోతాయి" అన్నడు. తాంబేలు నీళ్లలోనే బతుకుతది గానీ గాలి పీల్చుకోవాలంటే మనలెక్కనే పైకి రావాలె. ఆ పెద్దాయన నంబరు తీసుకున్న, ఎందుకు తీసుకున్ననో అప్పుడైతే నాకే తెల్వదు.

తిరిగి హన్మకొండకు వచ్చినంక ఈ ముచ్చట మా పెద్దబాపుకు చెప్పిన. పెద్దబాపు మా ఊరి చెరువుకు చాలా ఏండ్లు నీరటి పని చేసిండు, తూము ఎప్పుడు ఎత్తాలె, ఏ పొలానికి ఎంత నీళ్లు పోవాలె అన్నీ ఆయన చేతి మీదనే నడిచేది. ఆ వారమే టీవీలో ఒడిశా ఋషికుల్య నది దగ్గర ఆలివ్ రిడ్లే అనే జాతి తాంబేళ్లు ఆరు లక్షల తొంభై వేలకు పైనే వచ్చి గుడ్లు పెట్టినయి, రికార్డు అని చూపించిండ్రు. "చూస్తివా కొడుకా, లచ్చలకు లచ్చలు ఒచ్చినయ్. నువ్వేమో ఐదు చచ్చినయని బాధపడ్తున్నవ్. సముద్రం ఒక్కటే కద, నీళ్లన్నీ ఒక్కటే. ఈడ తగ్గితె ఆడ పెరుగుతయ్" అన్నడు.

ఆయన అన్నదాంట్లో తప్పు పట్టేదేం లేదు, ఆయనకు కనపడ్డ లెక్క అది. కానీ ఇదే మాట చదువుకున్నోళ్ల నోటి నుంచి కూడా వింటున్న, పోర్టు కట్టాల్నన్నప్పుడు ఇదే మాట, ఒడ్డు మీద రిసార్టు లేపాల్నన్నప్పుడు ఇదే మాట, ఈ బీచ్ కాకపోతే ఇంకో బీచ్‌కి పోతయి అని. నేను అంటున్నది ఒక్కటే. సముద్ర తాంబేళ్లను జాతి లెక్కన మొత్తం కలిపి లెక్కవెట్టుడే తప్పు. ఏ ఒడ్డు తాంబేళ్లు ఎన్ని ఉన్నయి, చచ్చినయి ఏ ఒడ్డువి అని లెక్కవెట్టాలె. ఇది నా సొంత పైత్యం కాదు, ముప్పై ఐదేండ్ల సంది డీఎన్ఏ చెప్తున్న ముచ్చట.

మన దిక్కు ఆడబిడ్డకు తొలి కాన్పు తల్లిగారింట్లనే చేస్తరు కద. సముద్ర తాంబేలుకు ఆ పట్టింపు మనకంటే ఎక్కువ. ఏ దిక్కు ఇసుకలో గుడ్డు పగులగొట్టుకొని బయటికొచ్చిందో, పదేండ్లో ముప్పై ఏండ్లో సముద్రాల మీద తిరిగి పెద్దగై, గుడ్లు పెట్టే ఈడు రాంగనే మళ్లీ ఆ దిక్కుకే వస్తది, ఒక్క కాన్పుకు కాదు, బతికినన్ని కాన్పులకు. సైంటిస్టులు నేటల్ హోమింగ్ అంటరు, నాకు తల్లిగారిల్లు అంటేనే అర్థమైతది.

ఇది నిజమని ఎట్ల తెల్సింది అనే కథ మస్తు ఉంటది, అందుకే కొంచెం సేపు ఇక్కడ ఆగుత. ఆర్చీ కార్ అని అమెరికా సైంటిస్టు, జీవితమంతా కోస్టారికాలో టోర్టుగేరో ఒడ్డు మీద పచ్చ తాంబేళ్ల (గ్రీన్ టర్టిల్ అనే జాతి) ఎంబడే తిరిగిండు. ఆయనకు ఒక చిక్కు ప్రశ్న ఉండేది. అట్లాంటిక్ సముద్రం నడిమధ్యల అసెన్షన్ అని ఒక చిన్న దీవి, ఆ చివర నుంచి ఈ చివరకు పట్టుమని పది పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు. బ్రెజిల్ ఒడ్డున గడ్డి తిని బతికే తాంబేళ్లు రెండు వేల కిలోమీటర్ల పైన ఈదుకుంట ఆ దీవికి పోయి గుడ్లు పెట్టి మళ్లీ వాపస్ వస్తయి. ఎందుకు? బ్రెజిల్ ఒడ్డునే ఇసుక లేదా? 1974లో కార్, కోల్‌మన్ అని ఇంకొకాయన కలిసి ఒక జవాబు చెప్పిండ్రు. కోట్ల ఏండ్ల కింద దక్షిణ అమెరికా, ఆఫ్రికా అప్పుడప్పుడే విడిపోతున్నప్పుడు దీవులు ఒడ్డుకు దగ్గర్లనే ఉండేయి, సముద్రం ఏడాదికి ఇన్ని సెంటీమీటర్ల చొప్పున వెడల్పు అయినకొద్దీ తాంబేళ్లు కూడా ప్రతి తరం కొంచెం కొంచెం ఎక్కువ ఈదుకుంట అలవాటైనయి, అట్ల ఏడు కోట్ల ఏండ్ల సంది నడుస్తున్న ప్రయాణం ఇది అని. ఎంత అందమైన ఊహ. నేను మొదటిసారి చదివినప్పుడు ఇదే నిజమై ఉండాలె అనిపించింది.

1989లో బోవెన్, మెలన్, ఆవిస్ అనే ముగ్గురు దీన్ని డీఎన్ఏతోని పరీక్ష పెట్టిండ్రు. వాళ్లు చూసింది మైటోకాండ్రియా డీఎన్ఏ, అది తల్లి నుంచే వస్తది, తండ్రిది పిల్లలకు రాదు. మనకు ఇంటిపేరు తండ్రి దిక్కు నుంచి వచ్చినట్టు తాంబేలుకు ఇది తల్లి దిక్కు నుంచి వచ్చే ఇంటిపేరు అనుకోండి. అసెన్షన్ తాంబేళ్లు నిజంగా ఏడు కోట్ల ఏండ్ల సంది వేరు కాపురం ఉంటే వాళ్ల ఇంటిపేరు అట్లాంటిక్‌లో మిగతావాటికి ఎంతో దూరం పోయి ఉండాలె. పోలేదు. తేడా చాలా చిన్నగ ఉంది, అంటే ఆ దీవికి అవి పోయి కాపురం పెట్టింది భూమి వయసు లెక్కలో నిన్న మొన్న. కార్ ఊహ తప్పు. ఆయన ఆ జవాబు చూడలేదు, 1987లోనే పోయిండు.

మరుసటేడు 1990లో అదే ముగ్గురు ఇంకో ప్రశ్న తీసుకున్నరు. తాంబేలు తన పుట్టిన ఒడ్డును తానే యాది పెట్టుకొని వస్తదా, లేకపోతే మేత కాడ కలిసిన పెద్ద ఆడ తాంబేళ్ల ఎంబడి పోయి వాళ్లు ఎక్కడ పెడితే అక్కడ పెడ్తదా? బయటి నుంచి చూస్తే రెండూ ఒక్కతీరే కనపడ్తయి. పుట్టిన పిల్ల అరచేతిలో పట్టేంత ఉంటది, దానికి ట్యాగు కట్టి ముప్పై ఏండ్లు ఎదురు చూసుడు అయ్యే పని కాదు. కానీ పెద్దోళ్ల ఎంబడి పోయే అలవాటే ఉంటే ఒకే మేత తినే తాంబేళ్లు వేర్వేరు ఒడ్లకు పోయినకొద్దీ ఇంటిపేర్లు కలిసిపోవాలె. ఫ్లోరిడా, కోస్టారికా, ఇంకా కింద దిక్కు ఒడ్లు చూస్తే ఎక్కడి ఇంటిపేర్లు అక్కడనే ఉన్నయి. ఆడబిడ్డ తన తల్లిగారింటికే పోతున్నది. ఎట్ల గుర్తుపడ్తది అంటే భూమి అయస్కాంత శక్తితోని అని కెన్నెత్ లోమన్ అనే సైంటిస్టు వాళ్లు చెప్తరు, ప్రతి ఒడ్డుకు దానిదే ఒక అయస్కాంతపు గుర్తు ఉంటది, పిల్ల అది మనసులో పెట్టుకొని పోతది. 2018లో ఆయన, ఆయన దగ్గర పనిచేసిన బ్రదర్స్ కలిసి చూపించిన ముచ్చట గమ్మతిగ ఉంటది. ఫ్లోరిడాకు తూర్పున ఒక ఒడ్డు, పడమర ఒక ఒడ్డు, మధ్యల నేలంతా అడ్డమున్నా ఆ రెండింటి అయస్కాంతపు గుర్తు దగ్గర దగ్గర ఉంటే అక్కడ గుడ్లు పెట్టే లాగర్‌హెడ్ అనే జాతి తాంబేళ్ల డీఎన్ఏ కూడా దగ్గరనే ఉంది.

ఇదంతా పెద్దబాపుకు రెండు మూడు సాయంత్రాలు చెప్పిన. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మరి ఆ దీవికి కొత్తగ పోయినయంటివి కద, అంటే కొత్త ఇల్లు చూసుకుంటయన్నట్టే కద". మంచి ప్రశ్న. అవును, చూసుకుంటయి. తుఫాన్లకు ఒడ్లు కొట్టుకపోతయి, దీవులు మునుగుతయి, అప్పుడప్పుడు ఒక తాంబేలు దారి తప్పి ఇంకో ఒడ్డుకు ఎక్కుతది, అట్ల జరగకపోతే ఈ జాతులు ఎప్పుడో పోయేటియి. కాకపోతే అది వేల ఏండ్ల లెక్క. మనం ఒడ్డును ఖాళీ చేస్తున్నది ముప్పై నలభై ఏండ్లలో. ఈ రెండు కాలాలకు పొంతన లేదు, నా మొత్తం వాదన నిలబడ్డది దీని మీదనే.

"అయితె గుడ్లు తీస్కపోయి ఇంకో కాడ పెడ్దురు" అన్నడు. అది కూడా చేసిండ్రు, చేసింది ఆ ఆర్చీ కారే. 1950ల చివర మొదలుపెట్టి దాదాపు పదేండ్లు, టోర్టుగేరో నుంచి గుడ్లు, పిల్లలు వేలకు వేలు అమెరికా నేవీ విమానాల్లో ఎక్కించి కరీబియన్ అంతా పంచిండ్రు, పాత రోజుల్లో తాంబేళ్లు ఉండి ఖాళీ అయిపోయిన ఒడ్లు మళ్లీ నిండాలని. నిండలేదు. మెక్సికోలో రాంచో నువేవో ఒడ్డు నుంచి కెంప్స్ రిడ్లే అనే ఇంకో జాతి తాంబేళ్ల గుడ్లను 1978 నుంచి 1988 దాకా టెక్సస్‌లోని పాడ్రే దీవికి తీస్కపోయి, అక్కడి ఇసుకలో పొదిగిచ్చి, పిల్లల్ని ఏడాది దాకా సాది వదిలిండ్రు. కొన్ని ఏండ్ల తర్వాత అక్కడికి వచ్చిన మాట నిజమే, అందులో పనిచేసినోళ్ల ఓపికకు దండం పెట్టాలె. కానీ పదకొండేండ్లు రెండు దేశాలు కలిసి అంత కష్టపడితే చేతికొచ్చింది కొన్నే. పైగా ఆ జాతి ఒక్కప్పుడు ఎంత ఉండేదో తెల్సా, 1947లో తీసిన ఒక ఫిల్ములో ఒక్క రోజు ఒక్క ఒడ్డు మీద దాదాపు నలభై వేల ఆడ తాంబేళ్లు అని లెక్కగట్టిండ్రు, 1985కు వచ్చేసరికి ఏడాది మొత్తం మీద గూళ్లు 702.

ఇగ సముద్రాల మధ్య ముచ్చట. మన కాకతీయుల గొలుసుకట్టు చెరువులు యాది చేసుకోండి, పై చెరువు నిండితే మత్తడి దుంకి నీళ్లు కింది చెరువుకు పోతయి, నీళ్లతోపాటు చాపపిల్లలు పోతయి. కట్ట ఉంది కాబట్టి మిగతా రోజుల్లో ఏ చెరువు చాప ఆ చెరువుదే. సముద్రాలకు కూడా కట్టలు, మత్తళ్లు ఉన్నయి. దాదాపు ముప్పై లక్షల ఏండ్ల కింద పనామా దగ్గర నేల లేచి ఉత్తర, దక్షిణ అమెరికాలను కలిపింది, అంటే పసిఫిక్‌కు అట్లాంటిక్‌కు మధ్యల కట్ట పడ్డది. రిడ్లేలు రెండు జాతులుగ ఉండుడు, కెంప్స్ రిడ్లే అట్లాంటిక్ దిక్కే మిగులుడు ఆ కట్ట పనే అని చెప్తరు. ఇంకో దిక్కు ఆఫ్రికా కొస. అక్కడ పడమర ఒడ్డు ఎంబడి పోయే బెంగ్వేలా ప్రవాహం సల్లగుంటది, వేడి నీళ్లకు అలవాటైన తాంబేళ్లకు అది కూడా కట్టనే. కానీ తూర్పు దిక్కు నుంచి అగుల్హాస్ అనే వేడి ప్రవాహం కొస దాకా వస్తది, ఎప్పుడో ఒకసారి అది మత్తడి దుంకినట్టు ఆ కొస దాటిపోతది, దాంతోని కొన్ని తాంబేళ్లు ఇటు నుంచి అటు పడ్తయి. పచ్చ తాంబేళ్లలో అట్లాంటిక్, మధ్యధరా ఒక పెద్ద వంశం, హిందూ మహాసముద్రం, పసిఫిక్ ఇంకో పెద్ద వంశం. లాగర్‌హెడ్‌లలో అట్లాంటి రెండు వంశాలు అక్కడక్కడ కలిసి కనపడ్తయి, కొస దాటిన గుర్తులు అవి. తోలు తాంబేలు, అంటే లెదర్‌బ్యాక్, ఒంట్లో వేడి నిలుపుకోగలదు కాబట్టి దానికి సల్లనీళ్లు అంత అడ్డం కాదు.

ఈ మత్తడి ముచ్చటకు పెద్దబాపు వెంటనే అందుకున్నడు. "మత్తడి మీదికెళ్లి చాపపిల్ల కిందికి పోతది, నిజమే. మరి పై చెరువు ఎండితె కింది చాప కట్టెక్కి రాదు కద" అన్నడు. నేను పది నిమిషాల సంది చెప్పాలని తిప్పలు పడ్తున్నది అదే.

ఇంతకీ మన తాంబేళ్ల సంగతి. మన సముద్రంలో ఐదు జాతులు తిరుగుతయి, ఎక్కువ కనపడేది ఆలివ్ రిడ్లే. 2004లో వీటి డీఎన్ఏ మీద పెద్ద పని వచ్చింది, చేసింది ఎక్కడో కాదు, హైదరాబాద్ హబ్సిగూడలో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో. కార్తీక్ శంకర్, లాల్జీ సింగ్ వాళ్ల టీం. భారత తూర్పు తీరం పొడుగునా ఆలివ్ రిడ్లేలు చూస్తే వాళ్లకు రెండు ముచ్చట్లు కనపడ్డయి. ఒకటి, ఒడిశాలో లక్షల్లో ఒక్కసారే వచ్చేటివి, మిగతా ఒడ్డుకు ఒంటరిగ వచ్చేటివి, వీటి మధ్య డీఎన్ఏలో తేడా లేదు. రెండోది నాకు ఒళ్లు జలదరించిన ముచ్చట. ఇక్కడి తాంబేళ్లలో ఒక పాత వంశం ఉంది, వేరే సముద్రాల ఆలివ్ రిడ్లేలకు అది తల్లివేరు లాంటిది, అట్లాంటిక్‌లో, పసిఫిక్‌లో ఇయ్యాల ఉన్నయి చాలా కాలం కింద ఈ దిక్కు నుంచే పోయి ఉంటయి అని వాళ్ల వాదన. అంటే ఆ పొద్దు నేను చూసిన ఐదు తాంబేళ్లు పెద్దింటి ఆడబిడ్డలు.

ఇక్కడ ఎవరైనా నన్ను పట్టుకోవచ్చు. నువ్వే చెప్పినవ్ ప్రతి ఒడ్డుకు వేరే ఇంటిపేరు అని, మరి ఒడిశాకు మద్రాసుకు తేడా లేదంటివి, అంతే కాదు, 2021 మార్చిలో ఒడిశా గహిర్మఠలో 03233 అని ట్యాగు కట్టిన ఆలివ్ రిడ్లే 2025 జనవరిలో మహారాష్ట్ర గుహాగర్ ఒడ్డున గుడ్లు పెట్టుకుంట దొరికింది, శ్రీలంక చుట్టు తిరిగి వచ్చిందనుకుంటే మూడున్నర వేల కిలోమీటర్లు, తల్లిగారిల్లు ఏమైంది అని. ఒప్పుకుంట. ఆలివ్ రిడ్లేకు పచ్చ తాంబేలు అంత పట్టింపు లేదు, దాని ఇల్లు ఒక బీచ్ కాదు, మొత్తం తీరం. కానీ దాని అర్థం నీళ్లన్నీ ఒక్కటే అని కాదు. ఇల్లు పెద్దదైతే ఏ రూములో నిప్పంటుకున్నా ఇల్లంతటికీ అంటుకున్నట్టే. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కొద్దీ చచ్చిన ఆలివ్ రిడ్లేలు కొట్టుకొచ్చినయి, తర్వాత నెలలో ఋషికుల్యలో రికార్డు అన్నరు, ఒకటి చావు వార్త ఒకటి పండుగ వార్త లెక్క వేర్వేరుగ వచ్చినయి. డీఎన్ఏ ప్రకారం అవి ఒకే ఇంటి ముచ్చట్లు. చెన్నై దగ్గర చచ్చింది ఒడిశా లెక్కలో తీసెయ్యాలె, శ్రీకాకుళంలో చచ్చింది కూడా.

దీన్ని మన జగిత్యాల, నిజామాబాద్ దిక్కోళ్లకు వేరే చెప్పనవసరం లేదు. దుబాయ్‌లో, మస్కట్‌లో ఏదన్నా అయితే ఏడుపు వినపడేది ఇక్కడి ఊర్లో. మెక్సికో బాహా కాలిఫోర్నియా నీళ్లలో పెరిగే లాగర్‌హెడ్ తాంబేళ్లు ఉన్నయి, ఆ దిక్కు ఎక్కడా లాగర్‌హెడ్ గుడ్లు పెట్టే ఒడ్డు లేదు. ఎక్కడివి ఇవి అని చాలా కాలం చర్చ నడిచింది. 1995లో డీఎన్ఏ చూస్తే దాదాపు అన్నిటి ఇంటిపేరు జపాన్‌ది. పసిఫిక్ మొత్తం దాటి, పది వేల కిలోమీటర్లు. మరుసటేడు అడెలిటా అని పేరు పెట్టిన తాంబేలుకు సాటిలైట్ ట్యాగు కట్టి మెక్సికోలో వదిలితే ఏడాదికి పైగా ఈదుకుంట జపాన్ దిక్కు చేరింది. మెక్సికో జాలరి వలలో ఒకటి చస్తే ఖాళీ అయ్యేది జపాన్ ఇసుక. మన అండమాన్ తోలు తాంబేళ్లు కూడా అంతే, ట్యాగు కడితే కొన్ని ఆస్ట్రేలియా దిక్కు పోయినయి, కొన్ని ఆఫ్రికా ఒడ్డు దాకా పోయినయి. గ్రేట్ నికోబార్‌లో గలతియా బే కూడా ఆ జాతికి పెద్ద తల్లిగారిల్లు, అక్కడనే పెద్ద పోర్టు కడ్తమంటున్నరు, ఇట్లాంటి ఇండ్లు పోతే ఎక్కడెక్కడి మేతలో ఖాళీ అయితయి.

డీఎన్ఏ మగ తాంబేళ్ల సంగతి కూడా చెప్పింది, అది కూడా దాచకుండ చెప్త. మైటోకాండ్రియా కాకుండ మిగతా డీఎన్ఏ, తల్లిదండ్రులిద్దరి నుంచి వచ్చేది, చూస్తే ఒడ్ల మధ్య తేడా చాలా చోట్ల తగ్గిపోతది. ఎందుకంటే వేర్వేరు ఒడ్ల తాంబేళ్లు దారిలో, మేత కాడ జతకడ్తయి. మరి కలిసిపోయినయి కద, ఇంక బాధేంది అంటరు కొందరు. మగది దాదాపు ఎప్పుడూ ఒడ్డెక్కదు. అల్లుళ్లు ఎన్ని ఊర్ల నుంచి వచ్చినా కాన్పు అయ్యేది ఆడబిడ్డకు, ఆ ఒడ్డుకు వచ్చే ఆడబిడ్డలే లేకపోతే ఎక్కడి మగది వచ్చినా ఆ ఇసుకలో గుడ్డు పడదు.

ఒడ్డు లెక్కన చూసుడు ఎందుకు అవసరమో చెప్పే ఉదాహరణ ఇంకొక్కటి, నాకు అన్నిటికంటే భయం వేసింది ఇదే. తాంబేలు ఆడదా మగదా అనేది ఇసుక వేడి తేలుస్తది, దాదాపు 29 డిగ్రీలు దాటితే ఆడవి ఎక్కువ. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఒక మేత కాడ ఉత్తర ఒడ్లవి, దక్షిణ ఒడ్లవి పచ్చ తాంబేళ్లు కలిసి తింటయి. 2018లో అక్కడ తాంబేళ్లను పట్టి, ఏది ఏ ఇంటిదో డీఎన్ఏతోని వేరు చేసి చూసిండ్రు. సల్లటి దక్షిణ ఒడ్లలో పుట్టినవాటిలో ఆడవి నూటికి 65 నుంచి 69. వేడి ఉత్తర ఒడ్లలో పుట్టిన పిల్ల తాంబేళ్లలో నూటికి 99. అన్నీ కలిపి లెక్కవెడితే ఆ 99 ఎవరికీ కనపడకపోయేది, ఆడవి కొంచెం ఎక్కువున్నయి అని ఊకునేటోళ్లు.

నేను అడిగేది పెద్ద పని కాదు. ప్రతి ఏడు జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తూర్పు తీరంలో చచ్చిన తాంబేళ్లు ఒడ్డుకొస్తయి, గుంత తీసి పూడుస్తరు, సంఖ్య రాసుకుంటే రాసుకుంటరు, లేకపోతే లేదు. పూడ్చే ముందు గోరంత తోలు ముక్క తీసి స్పిరిట్ సీసాలో వేస్తే చాలు, దాని తల్లిగారిల్లు ఏ తీరమో వెతకొచ్చు. 1972 వన్యప్రాణి చట్టంలో ఇవి షెడ్యూల్ ఒకటిలో ఉన్నయి, కాబట్టి నాలాంటోళ్లు, ఆ జాలరి పెద్దాయన లాంటోళ్లు చేయి పెట్టరాదు, పెట్టొద్దు కూడా. సర్కారు వాళ్లే చేయాలె, పూడ్చే మనిషి చేతిలో పారతోపాటు ఒక చిన్న సీసా పెట్టాలె. చూసే ల్యాబులు హైదరాబాద్‌లోనే ఉన్నయి. సముద్రం లేని రాష్ట్రమోనికి ఎందుకు ఈ బాధ అని అడిగినోళ్లు ఉన్నరు, ఆ తాంబేళ్ల వంశం ఇంత పాతదని మొదలు చదివి చెప్పింది ఈ రాష్ట్రంలోనే, అందుకని నాకు బాధ.

మొన్న జనవరిలో శ్రీకాకుళం పెద్దాయనే ఫోన్ చేసిండు. "బాబూ, ఈ పొద్దు మూడొచ్చాయి" అన్నడు. స్పీకర్ పెట్టిన, పెద్దబాపు పక్కనే ఉండె, ఎన్నడూ మాట్లాడనోడు ఫోన్ నా చేతిలోకెళ్లి తీసుకొని "అవి ఏడియి అన్నా" అని అడిగిండు. అటు దిక్కు పెద్దాయనకు ఆ మాట ముందు సమజ్ కాలే, మళ్లీ చెప్పినంక "నానెలా సెప్పగలను బాబూ, గొయ్యి తీసి కప్పెట్టేసాం" అన్నడు.